పద్దెనిమిది గీతల ఖాళీ

జనవరి 9

మావయ్యకు,

మీ పిడుగు రాస్తోంది. కంగారు పడకండి, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ నాన్నా. కవరు మీద నా చేతిరాత చూడగానే ఏదో చెడ్డ కబురనుకుని అత్తయ్యను కేకేస్తారని మొదటే చెప్పేస్తున్నాను. ఫోన్ చేస్తే మీకు వినబడదు. అత్తయ్య మధ్యలో నిలబడి నా మాటల్ని మీ చెవిలో అరవాలి. పోయినసారి నేను "లేత్ పని బాగా తగ్గింది మావయ్యా" అంటే, "తగ్గితే మంచిదే, డాక్టరుకి చూపించావా?" అన్నారు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

తగ్గింది షాపులో పని. రెండు లేత్‌లు వారంలో మూడు రోజులు ఊరికే నిలబడుతున్నాయి. ఇప్పుడొక దారి కనిపించింది. పంపులు చేసే ఫ్యాక్టరీ వాళ్లకి ఇనుప బ్రాకెట్లలో గాడి కోసివ్వాలట. నమూనాకి మూడు ముక్కలు అడిగారు. అవి వాళ్ల ఇన్‌స్పెక్టరు చేతిలో నెగ్గితే ఏడాది పొడుగునా పని. గాడి వెడల్పులో వెంట్రుకంత తేడా ఉన్నా వెనక్కి కొడతారు. ఆ పని లేత్ మీద కాదు, దానికి మిల్లింగ్ మెషిన్ కావాలి. మనకుంది కదా, టార్పాలిన్ కింద.

పంతొమ్మిదేళ్లుగా దాన్ని ఎవరూ నడపలేదని మీకు తెలుసో లేదో. నాన్న చేతికి దెబ్బ తగిలాక దాని మీద కప్పిన గుడ్డ అలాగే ఉండిపోయింది. నెలకోసారి మాత్రం ఆయనే గుడ్డ ఎత్తి, జారే చోటల్లా ఆయిల్ రాసి, మళ్లీ కప్పేస్తాడు. స్విచ్ మాత్రం వెయ్యడు. పోయిన వారం నేను వేశాను. మోటారు ఒక్కసారి దగ్గి, తర్వాత చక్కగా తిరిగింది. చిక్కల్లా టేబుల్ దగ్గరే. టేబుల్‌ని కుడికి జరిపి, ఇప్పుడు ఎడమకి జరుపుదామని హ్యాండిల్ వెనక్కి తిప్పితే పద్దెనిమిది గీతలు ఉత్తినే తిరుగుతోంది. ఆ తర్వాతే టేబుల్ కదులుతోంది. హ్యాండిల్ చుట్టుకి నూరు గీతలు, ఐదు మిల్లీమీటర్లు. అంటే దాదాపు మిల్లీమీటరు ఖాళీ. ఇంత ఖాళీ పెట్టుకుని వెంట్రుకంత లెక్కలో గాడి ఎలా కొయ్యను?

నాన్నని అడిగితే, "నడుపుకో, నీ ఇష్టం. నట్టు జోలికి మాత్రం పోకు" అన్నాడు. ఎందుకంటే, "పోకు అన్నానుగా" అని టీ తాగడానికి లేచి వెళ్లిపోయాడు.

ఆ మెషిన్ మీరిద్దరూ కలిసి తెచ్చుకున్నది. దాని కడుపులో ఏముందో నాన్న తర్వాత తెలిసింది మీకే. ఖాళీ ఎలా తియ్యాలో రాసి పంపండి. జవాబు షాపుకి కాకుండా ఇంటికి రాయండి. నాన్నకి చెప్పకుండా రాస్తున్నాను.

అమ్మ పోయినప్పుడు మీరు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. నాలుగేళ్లయింది. దాని గురించి అడగను. మెషిన్ గురించే అడుగుతున్నాను.

మీ మేనకోడలు

జనవరి 21

పిడుగుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మీ అత్తయ్య లాక్కుని, "మీకు ఉత్తరం రాసేవాళ్లు కూడా ఉన్నారా!" అని తనూ చదివింది. నా చెవి సంగతి లోకమంతా చాటుతున్నందుకు నీ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, డాక్టరు మాట నేను నిజంగానే అన్నానట. అత్తయ్య సాక్ష్యం చెప్పింది.

నేను రిటైరై రెండేళ్లు దాటింది. మూడో అంతస్తులో రెండు గదులు, బట్టలారేసే వరండా. వరండా కమ్మీకి వస్తువుల్ని బిగించి పట్టుకునే చిన్న వైస్ పెట్టుకున్నాను. ఈ బిల్డింగులో ఉండేవాళ్ల కుట్టుమిషన్లు, తాళాలు, కుర్చీ కాళ్లు నా దగ్గరికే వస్తాయి. ఫ్యాక్టరీ టూల్‌రూములో ముప్పై మంది చేత సార్ అనిపించుకున్నవాణ్ని, ఇప్పుడు కుక్కర్ పిడి సార్‌ని.

ఇక పని. పద్దెనిమిది గీతలు ఎక్కువే, కానీ ఆ వయసు మెషిన్‌కి వింతేం కాదు. అందరూ చేసే పొరపాటు నేరుగా నట్టు మీద పడటం. నువ్వు ముందు ఖాళీ ఎక్కడుందో కనుక్కో. హ్యాండిల్ తిరక్కుండా తాడుతో కట్టెయ్. టేబుల్ అంచుకి కదలిక కొలిచే డయల్ గేజ్ ఆనించి, రెండు చేతుల్తో టేబుల్‌ని అటూ ఇటూ తొయ్యి. టేబుల్‌ని నడిపే లీడ్ స్క్రూ నిలబడిపోయి టేబుల్ ఒక్కటే కదిలితే ఖాళీ చివరి బేరింగులో ఉంది. అది పైనుంచే బిగించుకోవచ్చు. టేబుల్‌తో పాటు స్క్రూ కూడా కదిలితే ఖాళీ నట్టులో ఉంది.

నట్టు టేబుల్ కింద ఉంటుంది. ముందువైపు అరచేయంత మూత, నాలుగు స్క్రూలు. మూత తీస్తే కంచు నట్టు కనిపిస్తుంది. అది రెండు ముక్కలు. ఒకటి కదలదు. రెండోదాన్ని కొద్దిగా తిప్పితే మొదటిదానికి ఎడంగా జరిగి, స్క్రూ పళ్లని రెండువైపులా ఒత్తి పట్టుకుంటుంది, ఖాళీ పోతుంది. అది మళ్లీ వెనక్కి తిరక్కుండా రెండు లాకింగ్ స్క్రూలు ఉంటాయి. ఇప్పుడే ఏమీ తిప్పకు. తీసి చూసి, ఏం కనబడిందో రాయి. ఎంత సర్దాలో అప్పుడు చెబుతాను.

మీ నాన్న నట్టు జోలికి పోవద్దన్నాడంటే అది భయం. నువ్వప్పుడు తొమ్మిదేళ్ల పిల్లవి, నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. కట్టర్ తిరిగే దిక్కుకి ఎదురుగా జాబ్‌ని, అంటే కోసే ముక్కని, తోస్తే కోత నిదానంగా సాగుతుంది. కట్టర్ లాక్కునే దిక్కుకే తోస్తే పని తొందరగా, నున్నగా అవుతుంది గానీ, నట్టులో ఖాళీ ఉంటే కట్టర్ టేబుల్‌నే తన మీదికి గుంజుకుంటుంది. ఆరోజు బావ లాక్కునే వైపే కోశాడు. టేబుల్ ఎగిరింది, కట్టర్ ముక్కలైంది, వైస్‌లోంచి జాబ్ ఊడి ఆయన కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. ఆయన తొందరే దానికి కారణమని నేనన్నాను. ఆ మాటకే మాకు చెడింది. అన్న మాట తప్పని ఇప్పటికీ అనుకోను. అన్న వేళ తప్పు. చేతికి కట్టుతో మంచం మీద ఉన్నవాడితో అనాల్సిన మాట కాదు.

జాగ్రత్తగా చెయ్యి. చేతి గడియారం తీసేసి మెషిన్ దగ్గరికి వెళ్లు. జడ ముడేసుకో.

మావయ్య

ఫిబ్రవరి 2

మావయ్యకు,

జడ ముడేసుకున్నాను. గడియారం అసలు లేదు.

మీరు చెప్పినట్టే చేశాను. చివరి బేరింగులో మూడు గీతల ఖాళీ ఉంది, బిగిస్తే పోయింది. మిగతా పదిహేనూ నట్టులోనే. నాన్న కరెంటు ఆఫీసుకి వెళ్లిన రోజు చూసి మూత తీశాను. లోపల గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. గీకి, కిరోసిన్‌తో కడిగేసరికి ఒక పూట పట్టింది. లాకింగ్ స్క్రూలు కనబడ్డాయి. తిప్పడానికి స్పానర్ తెచ్చి పెట్టుకున్నాను. అక్కర్లేకపోయింది. రెండూ వేళ్లతోనే తిరిగాయి మావయ్యా! ఒకటైతే రెండు చుట్లు బయటికే ఉంది.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. నాన్న చేతికి దెబ్బ తగిలాక ఎవరూ ఆ మెషిన్ నడపలేదు. అంటే ఆరోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఎవరో నట్టు సర్ది, లాక్ బిగించడం మర్చిపోయారు. కట్టర్ గుంజగానే నట్టు వెనక్కి తిరిగిపోయింది. ఎవరో ఏమిటి, అప్పుడు షాపులో ఉన్నది మీరూ నాన్నా. మీరు మర్చిపోయే మనిషి కారు. తలుపుకి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తే తప్ప మా తమ్ముడు కదలడు అని అమ్మ ఎన్నిసార్లు చెప్పి నవ్వేదో.

కాబట్టి నాన్నే. మీరు తొందర అన్నారు గానీ, ఇది తొందర కంటే పెద్ద తప్పు. అందుకే నన్ను నట్టు జోలికి పోవద్దన్నాడు.

అమ్మ గిన్నెలు తోముకుంటూ నాన్నకి వినబడేలా అనేది, "ఈయన తొందర వల్లే నా తమ్ముడు ఈ గడప తొక్కకుండా పోయాడు" అని. నాన్న పేపరు మడిచి అవతలికి వెళ్లేవాడు. పాపం నాన్న అనుకునేదాన్ని. ఇప్పుడేమనుకోవాలో తెలియడం లేదు.

సరే, ఎంత సర్దాలో చెప్పండి. నమూనాలకి ఈ నెలాఖరు వరకే గడువు. త్వరగా రాయండి.

మీ పిడుగు

ఫిబ్రవరి 23

పిడుగుకి,

ఉత్తరం అందింది. ఒంట్లో బాగుండక జవాబు ఆలస్యమైంది. జలుబే, పెద్దదేం కాదు.

నట్టు కొంచెం కొంచెంగా తిప్పి ఖాళీ తగ్గించు. తర్వాత లాకింగ్ స్క్రూలు రెండూ బిగించు.

పాత సంగతులు తవ్వకు. మీ నాన్నతో ఏమీ అనొద్దు.

మావయ్య

మార్చి 5

మావయ్యకు,

మీ మూడు ముక్కల ఉత్తరం వచ్చేసరికి అనాల్సింది అనేశాను, చెయ్యాల్సింది చేసేశాను. మొదటి ఉత్తరానికి పన్నెండు రోజుల్లో రెండు పేజీలు రాసిన మనిషి, రెండోదానికి మూడు వారాలు తీసుకుని ఇంత రాశారు. అదీ చేతికందినప్పటికి గడువు దాటబోతోంది.

మీకోసం చూసి చూసి నేనే సర్దాను. టేబుల్ మధ్యలో నిలబెట్టి, ఖాళీ సున్నా అయ్యేదాకా నట్టు తిప్పాను. హ్యాండిల్ వెనక్కి తిప్పితే ఒక్క గీత కూడా ఉత్తినే పోలేదు. గెంతులొక్కటే తక్కువ. లాక్ బిగించి, మొదటి బ్రాకెట్ పెట్టి, మోటారుతో టేబుల్ నడిపాను. మధ్యలో వెన్నలా సాగింది. చివరికొచ్చేసరికి పట్టేసింది. ఆపేలోపే లోపల ఫట్‌మని విరిగింది. గేరు కాదు, దాన్ని కాపాడే పిన్ను. విరగాల్సింది అదే కాబట్టి సరిపోయింది. నమూనా మాత్రం చెత్తబుట్టకి పోయింది. ఇన్‌స్పెక్టరు కాళ్లావేళ్లా పడితే మార్చి ఇరవై ఐదు వరకు ఆగుతానన్నాడు.

స్క్రూ తుడిచి చూస్తే అప్పుడు తెలిసింది. అన్నేళ్ల పనీ మధ్యలోనే జరిగింది కాబట్టి అక్కడ పళ్లు అరిగి సన్నబడ్డాయి. చివర్లలో కొత్తవాటిలా లావుగా ఉన్నాయి. మధ్యలో బిగుతుగా సర్దితే చివర్లలో పట్టెయ్యక ఏం చేస్తుంది? నా బుర్రకే తట్టినది, టూల్‌రూములో అన్నేళ్లు చేసిన మీకు తెలియదా? తెలిసీ ఒక్క వాక్యం ఎందుకు రాయలేదు? నాన్న మీది కోపం నా మీద తీర్చుకున్నారా?

ఆ చప్పుడుకి నాన్న వచ్చాడు. తీసిపెట్టిన మూత చూశాడు. "వద్దన్నాను కదమ్మా" అన్నాడు, అంతే. నాకు ఒళ్లు మండింది.

"నట్టు సర్ది లాక్ బిగించకుండా వదిలేసింది నువ్వే కదా? ఆ రెండు స్క్రూలు బిగించి ఉంటే నీ వేళ్లుండేవి, మావయ్య ఉండేవాడు, అమ్మ నిన్ను అంటూ అంటూ పోయేది కాదు" అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. "అవును" అన్నాడు. "నేనే."

తర్వాత గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. చేతులకేమీ అంటలేదు. ఆ రోజు భోజనం దగ్గర రెండు ముద్దలు తిని లేచాడు. వారమైంది, నాతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. నిజం ఒప్పుకున్న మనిషి మీద జాలిపడాలో కోపం తెచ్చుకోవాలో తెలియక నేనూ మాట్లాడటం లేదు.

ఇక మీకు రాసి విసిగించను.

మేనకోడలు

మార్చి 13

పిడుగుకి,

ఈ ఉత్తరం చదివి దాచుకోకు. మీ నాన్నని కూర్చోబెట్టి, మొత్తం వినిపించు.

ఆ లాకింగ్ స్క్రూలు వదిలేసింది నేను.

ముందురోజు సాయంత్రం నట్టు సర్దింది నేనే. రెండో ముక్క తిప్పి, ఖాళీ చూసుకుంటున్నాను. అప్పుడే పోస్టుమాన్ వచ్చాడు. పెద్ద ఫ్యాక్టరీ టూల్‌రూములో ఉద్యోగం వచ్చినట్టు కాగితం. ఏడాదిగా దానికోసమే చూస్తున్నాను. గ్రీజు చేతులతోనే ఆ కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పరుగెత్తాను. అక్క ఆ కాగితం చదవకుండానే ఏడ్చింది, తర్వాత చదివి నవ్వింది. తిరిగొచ్చి మూత పెట్టి స్క్రూలు బిగించాను. మూత స్క్రూలు నాలుగూ బిగించాను. లోపలివి రెండూ మరిచిపోయాను. తాళం మూడుసార్లు లాగి చూసేవాణ్ని.

మర్నాడు పొద్దున బావతో, "ఖాళీ తీసేశాను బావా, ఇక ఎటు కోసినా భయం లేదు" అన్నాను. ఆయన నా మాట నమ్మి లాక్కునే వైపు కోశాడు. తొందరా కాదు, ఏమీ కాదు. నన్ను నమ్మాడు.

నాకు ఇది నీ ఉత్తరంతోనే తెలిసిందని రాస్తే సగం అబద్ధం అవుతుంది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒకసారి అనిపించింది, లాక్ బిగించానా అని. వెళ్లి మూత తీస్తే తెలిసిపోయేది. వెళ్లలేదు. అనిపించినదాన్ని లోపలే తొక్కేశాను. అది మళ్లీ పైకి రాకుండా గొంతు పెంచి, బావ తొందర, బావ తొందర అని అక్క ముందు, డాక్టరు ముందు, వచ్చినవాళ్లందరి ముందు అన్నాను. పదిసార్లంటే ఏ మాటైనా నిజమనిపిస్తుంది. ఐదారేళ్లకి నేనే నమ్మేశాను. జనవరిలో నీకు రాసినప్పుడు కూడా నమ్మే రాశాను.

"వేళ్లతోనే తిరిగాయి" అని నువ్వు రాసిన లైను చదివాక కాగితం బల్ల మీద పెట్టి కూర్చున్నాను. జలుబు అబద్ధం. మూడు వారాలు ఏం రాయాలో తెలియక రాయలేదు. చివరికి ఆ మూడు ముక్కలు రాశాను. నీకు చెప్పాల్సిన పని సంగతి కూడా అందులో ఎగిరిపోయింది. నీ నమూనా పాడైంది, అది కూడా నేను చేసిందే. మీ నాన్న నీ ముందు "నేనే" అన్నాడని చదివి అత్తయ్యకి చెప్పేశాను. మొత్తం విని, "అక్కడ ఆయన కూతురి ముందు తలొంచుకుని తింటున్నాడు, మీరిక్కడ ఇంకా కూర్చున్నారేం? కాగితం తీయండి" అంది.

అక్కకి చెప్పుకునే వీలు ఇక లేదు. గేటు దాకా వచ్చిన రోజు లోపలికెందుకు రాలేదో ఇప్పుడు నాకు అర్థమవుతోంది. బావ ముఖం చూస్తే నిజం బయటపడుతుందని భయం. అప్పుడు మాత్రం అది పౌరుషమనుకున్నాను.

ఇప్పుడు పని విను. నీకు గడువు తక్కువ ఉంది. లాక్ వదులు చేసి నట్టుని వెనక్కి తిప్పు. టేబుల్‌ని మధ్యలో కాదు, బాగా చివరికి తీసుకెళ్లి అక్కడ సర్దు. హ్యాండిల్ ఒంటిచేత్తో తేలిగ్గా తిరగాలి. రెండో చివరకీ తీసుకెళ్లి చూడు. అక్కడా తేలిగ్గా తిరిగితే అదే నీ సర్దుబాటు. మధ్యలో ఆరేడు గీతల ఖాళీ మిగులుతుంది. మిగలనీ. స్క్రూ మార్చేదాకా అది పోదు. నువ్వు చెయ్యాల్సిందల్లా, కొలత మీదికి ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావడం. దాటిపోతే ఒక చుట్టు వెనక్కి పోయి మళ్లీ అదే వైపు నుంచి రా. కోత ఎప్పుడూ కట్టర్‌కి ఎదురుగానే. ఎవరేం చెప్పినా, నేను చెప్పినా, లాక్కునే వైపు కొయ్యకు. లాకింగ్ స్క్రూలు బిగించాక నువ్వే చూడు. ఇంకొకరి మాట నమ్మకు.

బావని ఒక్కటే అడుగు, నేను రావచ్చునా అని.

మావయ్య

మార్చి 27

మావయ్యకు,

నమూనాలు మూడూ నెగ్గాయి. ఇన్‌స్పెక్టరు గేజ్ పెట్టి చూసి, "ఏ మెషిన్ మీద చేశారు?" అని అడిగాడు. చెబితే నమ్మలేదు. ఈ సంగతి ముందు రాశాను, ఎందుకంటే తర్వాతది రాయడం కష్టం.

మీ ఉత్తరం మధ్యాహ్నం షాపులో, లేత్‌లు రెండూ ఆపేసి, నాన్నకి చదివి వినిపించాను. స్టూలు మీద కూర్చుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపమనలేదు. అయిపోయాక అడిగాడు, "వాడి చెవి మరీ అంత పాడైందా?"

"నాన్నా, మావయ్య ఏం రాశాడో విన్నావా?"

"విన్నాను. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు."

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి ఎడమచేత్తో మూత తీసి చూశాడట. చూసి మళ్లీ పెట్టేశాడట.

"మరి ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. నిజంగానే అరిచాను.

"ఎవరికి చెప్పను? మీ అమ్మకా? నాకెలాగూ రెండు వేళ్లు పోయాయి. చెబితే దానికి తమ్ముడు కూడా పోతాడు. కొత్త ఉద్యోగంలో చేరబోతున్నవాడు, పనిలో ఇలాంటి మాట మోసుకుని వెళ్లాలా? నాలుగు రోజులు కోపంగా ఉండి వాడే వస్తాడనుకున్నాను."

"రాలేదు కదా."

"రాలేదు. అక్కడే నేను పొరబడ్డాను. మొదటి ఏడు గడిచింది. రెండో ఏడు గడిచింది. ఇంకెప్పుడని చెప్పను? అప్పుడు చెబితే ఇన్నాళ్లు దాచావా అని మీ అమ్మ నన్ను ఇంకో పాట పాడేది" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

అమ్మ చివరి వారంలో కూడా మీ గురించి ఆయనను అంది మావయ్యా. మంచం మీంచే, "మీరొక్క మాట తగ్గి ఉంటే వాడొచ్చేవాడు" అంది. నాన్న "నిజమే" అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆయన తగ్గాల్సిన మాట ఒక్కటీ లేదని ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? అమ్మకి చెప్పలేను.

నేనన్న మాటకి క్షమించమని అడిగాను. "నువ్వడిగావు, నేను ఒప్పుకున్నాను, నీ తప్పేముంది?" అన్నాడు. నా ముందు కూడా మిమ్మల్ని కాపాడాడు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. మీ మీదా, ఆయన మీదా.

మీరు రావచ్చునా అని అడిగాను. "వద్దని చెప్పు. చూస్తే తిడతాను. తిడితే ఇన్నేళ్లు నోరు మూసుకున్నదంతా దండగ" అన్నాడు. షాపు మూసేటప్పుడు మాత్రం, "పళ్లైనా సరిగ్గా ఉన్నాయా వాడికి, కట్టించుకున్నాడా?" అన్నాడు. తెలియదన్నాను. "అడుగు" అన్నాడు.

నాకు అర్థమైనట్టే మీకూ అర్థమవుతుందనుకుంటాను. రండి.

మీ పిడుగు

ఏప్రిల్ 19

పిడుగుకి,

క్షేమంగా చేరాను. నువ్వు బ్రాకెట్లు ఇవ్వడానికి ఫ్యాక్టరీకి వెళ్లిన ఆ పూట ఏం జరిగిందో నీకు చెప్పకుండా వచ్చేశాను. నువ్వు అడిగావు, నేను మాట మార్చాను. మాట మార్చడం మానుకోవాలని రాస్తున్నాను.

నువ్వటు వెళ్లగానే బావ తిట్టడం మొదలుపెట్టాడు. గంటసేపు తిట్టాడు. నా చెవి పక్కకొచ్చి, ఒక్క తిట్టు కూడా వృథా పోకుండా తిట్టాడు. జుట్టుకి రంగు వేసుకున్నందుకు తిట్టాడు. నీ పెళ్లి మాటలు తప్పిపోయినప్పుడు ఒక్క ఉత్తరం ముక్క రాయనందుకు తిట్టాడు. అత్తయ్యని ఒక్కసారైనా ఆ ఇంటికి తీసుకురానందుకు తిట్టాడు. గేటు దాకా వచ్చి వెళ్లిపోయినందుకు పావుగంట తిట్టాడు. నేను తలొంచుకుని కూర్చున్నాను. చేతి గురించి ఎప్పుడెత్తుతాడా అని చూస్తూ కూర్చున్నాను. ఎత్తలేదు.

నేనే ఎత్తాను. "బావా, ఆరోజు సాయంత్రం నేను..." అన్నాను.

"కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు. గ్లాసు నా వైపు జరిపాడు. కుడిచేత్తోనే జరిపాడు. మిగిలిన మూడు వేళ్లతో ఎంత అలవాటుగా పట్టుకుంటాడో నేను ఎప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన బావకి ఐదు వేళ్లు. ఈ మూడు వేళ్ల మనిషి పంతొమ్మిదేళ్లు ఎలా బతికాడో, బొత్తాలెలా పెట్టుకున్నాడో, సంతకం ఎలా మార్చుకున్నాడో, ఏదీ నేను చూడలేదు.

ఆ తిట్లలో అదొక్కటీ ఉంటే బాగుండేది పిడుగూ. తిడితే నేను ఏడ్చేవాణ్ని, ఆయన ఆగేవాడు, ఎక్కడో ఒకచోట అది అయిపోయేది. ఆయన తిట్టలేదు. ఇక ఎప్పుడూ తిట్టడు. నేనూ మళ్లీ ఎత్తలేను.

తర్వాత ఆయన, షాపుకి వెళ్లాలి, చొక్కా మార్చుకుంటానని లోపలికి వెళ్లాడు. ముందు గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. గోడ మీద అక్క ఫొటో. ఆ ఫొటో నేను చూడనిది, జుట్టు నెరిశాక తీసింది. నాకు గుర్తున్న అక్క కాదు, ఇంకా పెద్దదైన అక్క. దగ్గరికెళ్లి నిలబడ్డాను. కనీసం ఇక్కడైనా చెప్పుకుందామని నోరు తెరిచాను. నా గొంతు పెద్దదని తెలుసుగా, "అక్కా, ఆరోజు..." అని నెమ్మదిగా అన్నాననుకున్నాను.

వెనక నుంచి బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడొచ్చాడో నాకు వినబడలేదు. చెవి దగ్గరికి వంగి అన్నాడు:

"ఇప్పుడు చెప్పి దాన్ని బాధపెట్టకురా."

చెప్పలేదు.

మావయ్య